లెక్క చెప్పినవాడి విస్తరి

పూర్ణయ్య స్వామిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమంలో మోక్షం గురించి అడిగి నెలంతా గోశాల ఊడ్చినవాళ్లున్నారు. శిష్యుడు చక్రధరానికి ఈ సంగతి తెలియంది కాదు. అయినా కార్తిక మాసంలో ఒకనాడు అడగకుండా ఉండలేకపోయాడు.

"స్వామీ, నేను అబద్ధం చెప్పలేదు. లెక్క తప్పింది, అంతే. మరి మనసెందుకు కుదుటపడదు?"

చక్రధరం ఒకప్పుడు సముద్రంలో తవ్విన బావుల నుంచి సహజవాయువు ఎంత వస్తుందో, ఎన్నేళ్లు వస్తుందో అంచనా కట్టే ఉద్యోగి. బావి తెరిచిన కొత్తలో గ్యాసు ఉరకలు వేసింది. ఆ జోరు చూసి అతను లెక్క కట్టి, పద్ధతి ప్రకారం కనిష్ఠం, మధ్యమం, గరిష్ఠం అని మూడు అంకెలు రాశాడు. పైవాళ్లు గరిష్ఠాన్ని పట్టుకుని ఊరేగారు. ఇతను నోరు మెదపలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గ్యాసు గొట్టం ఇంకా రాకముందే పెంకులు కాల్చే ఒక ఊళ్లో కట్టెల బట్టీలు పడగొట్టి గ్యాసు బట్టీలు కట్టుకున్నారు. కొన్నాళ్లు బాగానే మండాయి. తర్వాత బావుల్లోకి ఇసుకా నీళ్లూ చొరబడి గ్యాసు సన్నగిల్లింది. వచ్చే కాస్తా ఎరువులకూ కరెంటుకూ సరిపోయింది. బట్టీలు ఆరిపోయేనాటికి చక్రధరం ప్రమోషన్ మీద హైదరాబాదులో ఉన్నాడు.

అక్కడి బట్టీ యజమానుల్లో గుబ్బల సత్తిరాజు ఒకడు. బట్టీ ఉన్న చోటే ఎవరో కట్టుకున్న గోదాముకు ఇప్పుడు అతను కాపలాదారు. ఒకసారి ఎదురుపడితే తిడతాడేమోనని చక్రధరం బిక్కచచ్చిపోయాడు. సత్తిరాజు తిట్టలేదు. "మీరేం చేత్తారండి, మా రాత అలాగుంది" అని టీ ఇప్పించాడు. ఆ టీ చక్రధరం గొంతు ఇప్పటికీ దిగలేదు.

స్వామి అంతా విని, "రేపు ద్వాదశి. అన్నదానానికి ఎంతమంది వస్తారో లెక్క వేసి కామేశానికి చెప్పు" అన్నారు.

చక్రధరం శ్రద్ధగానే కూర్చున్నాడు. నిరుటి జనం, ముందటేటి జనం, వాన సూచన, లాంచీల వేళలు అన్నీ కనుక్కుని, అలవాటు కొద్దీ మూడు అంకెలతో వంటశాలకు వెళ్లాడు. వంటవాడు కామేశం గరిటె పక్కన పెట్టాడు.

"మూడు ఎసర్లు పెట్టలేనండి బాబూ, ఒకటి చెప్పండి."

చక్రధరం ఈసారి జాగ్రత్తపడి మధ్య అంకె చెప్పాడు. కామేశం అంగీకరించి, అక్కడి ఆనవాయితీ కూడా చెప్పాడు. లెక్క చెప్పినవాళ్లు ముందు తినకూడదు. ఆఖరి పంక్తిలో కూర్చోవాలి.

ద్వాదశి నాడు లెక్క చక్కగా నడిచింది. చక్రధరం లోలోపల మురిసిపోయాడు కూడా. మధ్యాహ్నానికి నది మీద గాలి రేగింది. లాంచీ కదల్లేదు. రేవులో చిక్కుకున్న జనమంతా అన్నం పెడతారని విని ఆశ్రమానికి నడిచి వచ్చారు. అది ఎవరి లెక్కకు అందుతుంది? ఆఖరి పంక్తిలో చక్రధరం కూర్చున్నాక, అతనికి కొన్ని విస్తళ్ల అవతలే అన్నం గంప ఖాళీ అయింది. కామేశం పరుగున వెళ్లి మళ్లీ ఎసరు పెట్టాడు. ఎసరు కాగకముందే గాలి తగ్గి, రేవులో లాంచీ కూత వేసింది.

చక్రధరం పక్కన ఒక ముసలామె మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె మెతుకు పడని విస్తరిని, భోజనం అయినవాళ్లు మడిచినట్టే పద్ధతిగా మడిచింది.

"ఎవరో పెద్దోళ్లు లెక్కేసే వండుంటారులెండి" అంది అతనితో, తప్పు తనదే అన్నట్టు. "మనమే ఎక్కువైపోయాం."

లెక్క వేసింది నేనేనమ్మా అనబోయాడు చక్రధరం. ఆమె లేచి, మూట నెత్తిన పెట్టుకుని, రేవు వైపు గబగబా నడిచి వెళ్లిపోయింది. ఎన్నో అంచనాలు కట్టిన ఆ మనిషి ఖాళీ విస్తరి ముందు కూర్చోవడం అదే మొదటిసారి. సిగ్గుతో, ఆకలితో అతనికి కళ్లనీళ్లు తిరిగాయి.

సాయంత్రం స్వామి దగ్గరికి వెళ్లాడు. గాలి లేస్తుందని నాకెలా తెలుస్తుంది అని అడగాలనుకుంటూ బయల్దేరినవాడు, తీరా ఎదుట నిలబడ్డాక వేరే మాట అన్నాడు.

"ఆవిడ ఆకలితో వెళ్లిపోయింది స్వామీ."

స్వామి అతన్ని కూర్చోమని సైగ చేశారు.

"లెక్కలు తప్పుతూనే ఉంటాయి నాయనా" అన్నారు. "బట్టీలు ఆరిపోయిన నాడు నువ్వు ఏ పంక్తిలో కూర్చున్నావు?"