రాజుగారి వీపు వెనక అద్దాలు

ఒకానొక రాజ్యంలో ప్రతాపకేసరి అనే రాజుండేవాడు. ఆయన గదిలో అడుగుపెట్టేలోపే ఆయన అనుమానం అడుగుపెట్టేది! పాయసం తియ్యగా ఉంటే, ఏం దాచడానికి ఇంత బెల్లం వేశావని వంటవాణ్ణి నిలదీసేవాడు.

అలాంటి మహానుభావుడు చితికిపోయిన ఒక జమీందారు దగ్గర పాతకాలపు నిలువుటద్దాలు కొన్నాడు. అందానికనుకునేరు! వీపు వెనక ఎవరేం చేస్తున్నారో చూడ్డానికి. రాతిస్తంభాల సభామండపంలో పెట్టించాడు, కొయ్య చెక్కడాల మండువాలో పెట్టించాడు, ఆఖరికి తాటాకుల వేసవి విడిదిలోనూ పెట్టించాడు.

"తాటాకు పాకకి బంగారు చట్రం అద్దమా? చూసినవాళ్లు నవ్విపోతారు!" అని రాణిగారు తల పట్టుకుంది.

"ఎవరు నవ్వుతారో చూద్దామనే పెట్టించాను" అన్నాడు రాజు.

సభలో సింహాసనాన్ని కూడా అద్దం వైపు తిప్పించుకున్నాడు. తాంబూలం అందించే బొల్లన్న ఎప్పటిలాగే వెనక నిలబడి ఆకులు అందించాడు. రాజు అద్దంలోకి చూసి అదిరిపడ్డాడు. ఎడమచేత్తో ఇస్తున్నాడు! గిర్రున వెనక్కి తిరిగాడు. చూస్తే కుడిచెయ్యే.

"చూశారా! నేను తిరిగేలోపు చెయ్యి మార్చేశాడు దొంగ! ఇన్నేళ్లుగా నా వెనక ఇదా జరుగుతున్నది? ఆ ఎడమచెయ్యి నరికించండి!"

బొల్లన్న కాళ్లమీద పడ్డాడు. "ప్రభూ, నా పిల్లలమీద ఒట్టు! నాకే పాపం తెలియదు!"

"మహారాజా, అద్దంలో కుడి ఎడమగా..." అని మంత్రి నోరు తెరిచాడో లేదో, రాజు కళ్లెర్రజేశాడు. "ఓహో! నువ్వూ వీడి జట్టేనా?"

మంత్రి నోరు మూసుకున్నాడు. పాపం, ఆయనకూ రెండు చేతులే కదా!

అప్పుడు ఆస్థాన హాస్యగాడు చెన్నమల్లు ముందుకొచ్చాడు. "భేషైన తీర్పు ప్రభూ! కానీ శిక్ష వీడొక్కడికేనా? అద్దం పట్టిచ్చిన ప్రతివాడికీనా?"

"ప్రతివాడికీ! నా తోడబుట్టినవాడైనా వదలను. అద్దం అబద్ధమాడదు."

"ఆ మాట సభంతా విన్నది. ఇక శుభమా అని పూజారిగారి ప్రసాదం పుచ్చుకోండి."

పూజారి పులిహోర తెచ్చాడు. రాజు భక్తిగా చెయ్యి చాచాడు.

"భటులారా, పట్టుకోండి!" అని చెన్నమల్లు కేక పెట్టాడు. "ఘోరం! అపచారం! అడుగో, అద్దంలో ఆ కిరీటం పెట్టుకున్నవాడు దేవుడి ప్రసాదాన్ని ఎడమచేత్తో పుచ్చుకుంటున్నాడు!"

అందరూ అద్దంలోకి చూశారు. రాజూ చూశాడు. అన్నాళ్లూ వెనకవాళ్లనే తప్ప తనని తాను చూసుకుంటే కదా! తన చేతివంక చూసుకున్నాడు, కుడిచెయ్యే. అద్దంలో మాత్రం ఎడమచెయ్యి.

"నేను చెయ్యి మార్చలేదు!" అన్నాడు గాభరాగా.

"బొల్లన్న కూడా అదే అన్నాడు ప్రభూ" అన్నాడు చెన్నమల్లు నెమ్మదిగా.

రాజు ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది, ఆ తర్వాత ఆయన పకపకా నవ్వేశాడు. బొల్లన్న ఏడుస్తూనే నవ్వాడు. రాజు తన ముత్యాలహారం తీసి చెన్నమల్లు మెడలో వేశాడు.

"మరి ఈ అద్దాలన్నీ ఏం చెయ్యనురా?"

"రాతి మండపంలో దీపాలకెదురుగా పెట్టించండి, చీకటి వదులుతుంది. మండువాలోవి తోటవైపు తిప్పించండి, పూలు ఇంట్లోకొస్తాయి. తాటాకు విడిదిలోది రాణిగారికిచ్చేయండి, నాలుగు రోజులు ప్రశాంతంగా ఉంటారు."

"అంతా బాగుంది. మరి నా వీపు వెనక ఎవరు చూస్తారు?"

"ఇన్నేళ్లూ చూసినవాడే ప్రభూ. బొల్లన్న."

రాజు లేచాడు. సింహాసనాన్ని సభవైపు తిప్పించి కూర్చున్నాడు. కాసేపటికి, వెనక్కి చూడకుండానే చెయ్యి చాచాడు.

"తాంబూలం ఏదిరా బొల్లన్నా?"