చిలక రెక్కకు కుట్టు

అనగనగా ఒక రాజుండేవాడు. కథల్లో రాజులకి ఏడుగురేసి కొడుకులుంటారు, ఈ రాజుకి మాత్రం ఒక్కడే. ఆ పిల్లాడికి తోలుబొమ్మలాటంటే పిచ్చి. ఆ ఊళ్ళోనే బొమ్మలోళ్ళ ఓబులమ్మ అని ఒకామె ఉండేది; ఆమె కొడుకులు ముగ్గురూ తెరకట్టి బొమ్మలాడిస్తుంటే, కోట వదిలేసి వచ్చి వాళ్ళ చాప మీదే కూర్చునేవాడు.

అలాంటి వాణ్ణి ఒక మాంత్రికుడు ఎత్తుకుపోయాడు, వాడి చేతులు పడిపోను! ఏడు సముద్రాల అవతల తన దీవిలో తోలుబొమ్మను చేసి గోడకి వేలాడదీశాడు. ఓబులమ్మ పెద్దకొడుకు వెతకడానికి వెళ్ళాడు. రాలేదు. నడిపివాడు వెళ్ళాడు. వాడూ రాలేదు. వాళ్ళూ బొమ్మలైపోయి ఆ గోడకే వేలాడుతున్నారు. ఇక మూడోవాడు పుల్లప్ప బయల్దేరాడు. ఓబులమ్మ సద్దిమూట కట్టిచ్చి, అందరూ కలిసి రండి నాయనా అని మాత్రం అంది.

ఒడ్డున వలలో చిక్కిన తాబేలును పుల్లప్ప విడిపించాడు. అది వాణ్ణి వీపున ఎక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది. ఏమర్రా, ఊఁ కొడుతున్నారా లేదా? దీవి కనిపించాక అసలు సంగతి చెప్పింది. మాంత్రికుడి ప్రాణం ఒక తోలు చిలకలో ఉందట. ఉప్పుగాలికి దాని రెక్క చిరిగి వాడిప్పుడు మంచం పట్టాడట. ఆ చిరుగు ఇంకాస్త లాగితే వాడు చస్తాడు, బొమ్మలు మళ్ళీ మనుషులౌతారు.

పుల్లప్ప లోపలికెళ్ళాడు. మాంత్రికుడు మంచం మీద మూలుగుతున్నాడు. పుల్లప్ప పంజరంలోంచి చిలకను తీసి దీపానికి ఎదురుగా పట్టాడు. ఎవరు చేశారో గానీ మహానుభావుడు, మేకతోలును అద్దంలా గీకాడు, ఈకకో రంగు వేశాడు. రెక్క మాత్రం వేలెడు చిరిగింది. పుల్లప్ప ప్రాణం ఉసూరుమంది. బొమ్మలోళ్ళ ఇంట్లో పుట్టినవాడు చిరిగిన బొమ్మను పక్కన పెట్టి అన్నమైనా తినడు. ఆలోచించే లోపే రొంటిన దోపుకున్న సూది తీశాడు, దారం ఎక్కించాడు, కుట్టేశాడు.

ముడి పడగానే మాంత్రికుడు లేచి కూర్చుని చిలకను లాక్కున్నాడు. తానేం చేశాడో పుల్లప్పకు అప్పుడు గానీ తెలియలేదు. గోడ మీది అన్నల వంక చూసి గొల్లున ఏడ్చాడు.

ప్రాణం నిలబెట్టావు గనక ఒక్క బొమ్మను తీసుకుపొమ్మన్నాడు మాంత్రికుడు. పుల్లప్ప కళ్ళు తుడుచుకున్నాడు.

"ఒకర్ని తీసుకెళ్తే మిగతా వాళ్ళ సంగతి మా అమ్మకేం చెప్పను? ముగ్గుర్నీ పంపించు, నేనుంటాను. ఈ గాలికి తోలు మళ్ళీ చిరుగుతుంది. నీకు కుట్టేవాడు కావాలి."

మాంత్రికుడు ఒప్పుకుని ముగ్గుర్నీ మళ్ళీ మనుషుల్ని చేశాడు. తాబేలు ముగ్గుర్నీ ఒడ్డుకు చేర్చింది. రాజకుమారుడికి పెళ్ళయింది, పట్టాభిషేకమైంది, చాలా ఏళ్ళు రాజ్యం చల్లగా ఏలాడు. అన్నలిద్దరూ ఆ పెళ్ళిలో బొమ్మలాడించారు గానీ, తమ్ముడు పాడే పాట మాత్రం ఇద్దరూ పాడకుండా వదిలేశారు.

ఆ రోజే పెద్దాడు తల్లిని ఓదార్చబోయాడు. "అమ్మా, రెక్క ఎప్పుడో మళ్ళీ చిరుగుతుంది. తమ్ముడు కుట్టకుండా ఊరుకుంటే చాలు, ఆ మాంత్రికుడు చస్తాడు, మనవాడు వచ్చేస్తాడు."

ఓబులమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఊరుకోలేడు నాయనా. వాడికి సూది పట్టడం నేర్పింది నేనే," అని కొంగు నోట్లో కుక్కుకుంది.

అంతేనర్రా. ఈ కథ కంచికి పోతుందో, సముద్రాలు దాటి పుల్లప్ప దగ్గరికే పోతుందో నాకు తెలీదు. మీరు మాత్రం తిన్నగా ఇంటికెళ్ళి మీ అమ్మ పక్కన పడుకోండి.