తినలేదేమోలే

అనగా అనగా, ఎడ్లబండి పోయిందే బాట అనుకునే రోజుల్లో, నాపరాళ్ళు తీసే గనుల పక్కన ఒక పూటకూళ్ళ ఇల్లు ఉండేది. దాన్ని నడిపేది సుంకమ్మ. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్నవల్లా ఒక కొట్టం, ఒక పొయ్యి, సంకటి గెలికే తెడ్డు.

రాళ్ళు కొట్టేవాళ్ళు, బండ్లు తోలేవాళ్ళు, సంతకు పోయేవాళ్ళు అక్కడే తినేవాళ్ళు. చేతిలో ఉంటే ఒక కాసు. కాసు లేకపోతే ఒక కట్టెల మోపు. మోపూ లేకపోతే ఒక కడవ నీళ్ళు. ఏది తెచ్చినా అందరికీ ఒకటే తిండి. మనిషికొక రాగి సంకటి ముద్ద, చెనక్కాయల పచ్చడి, ముంతెడు మజ్జిగ. వచ్చినవాళ్ళను చూసే ముద్దలు కట్టేది గనక ఒకరు రెండు తింటే ఇంకొకరికి లేనట్టే.

తిన్నవాడు తన ఆకు తానే తీసి, నీళ్ళు చల్లి, వెనకవాడికి చోటివ్వాలి. అదీ ఆ ఇంటి పద్ధతి. అందుకే ఎవరు తిన్నారో ఎవరు తినలేదో చెప్పే గుర్తేదీ అక్కడ మిగిలేది కాదు. గుర్తంతా సుంకమ్మ తలలోనే.

"ఆకలి మొగం ఒకసారి చూస్తే నేను మర్చిపోను" అనేది ఆమె.

వయసు మీద పడింది. మొదట సంకట్లో ఉప్పు మర్చిపోయింది. తర్వాత పక్కింటామె పేరు మర్చిపోయింది. ఆ తర్వాత ఒక పొద్దున, కడవ చంకన పెట్టుకుని, బావి ఎటో తెలియక దారిలో నిలబడిపోయింది. ఎవరికీ చెప్పలేదు. "ఏది పోయినా పోనీ తల్లీ, పెట్టిందీ పెట్టనిదీ మాత్రం గుర్తుండనీ" అని పొయ్యికి మొక్కుకుంది.

ఒక మధ్యాహ్నం ఓబులేసు అనే ముసలి రాళ్ళపనివాడు కడవ నీళ్ళు తెచ్చి తొట్టిలో పోసి, వరసలో కూర్చున్నాడు. సుంకమ్మ అతని తడి చేతులు చూసింది.

"తింటివి కదన్నా ఇందాకనే. నీళ్ళు చల్లి లేచిపోతివి."

"లేదు చెల్లీ, ఇప్పుడే వస్తి."

పక్కన కూర్చున్న బండి నాగన్న నవ్వాడు. "రెండు ముద్దలు కావాలంటే రెండు కడవలు మోయాల మామా."

వరసంతా నవ్వింది. ఓబులేసు లేచి గనికి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక సుంకమ్మ తన ముద్ద తీసుకుంది. కుండలో ఇంకొకటి మిగిలింది. చూసింది. చెయ్యి పెట్టి తడిమింది. మళ్ళీ చూసింది. ఆకులో చుట్టుకుని, ఆ ఎండలోనే గనికి బయలుదేరింది. దారి తప్పి, అడిగి, మళ్ళీ తప్పి, చివరికి చేరింది. ఓబులేసు బండల నీడలో కూర్చుని ఉన్నాడు. సుత్తి ఒళ్ళో ఉంది. ఎత్తే సత్తువ లేదు.

"అన్నా, నువ్వు తినలేదు."

"తిన్నానేమో అనుకున్నా చెల్లీ. కడుపు లేదనే అంటాంది. తింటివని నువ్వే అంటే, ఇంక నా కడుపు మాట ఎవరు నమ్ముతారు?"

అతను తినేదాకా ఆమె అక్కడే కూర్చుంది. తిరిగి వస్తూ అనుకుంది, మరుపు ఎట్లాగూ వస్తాది, అది ఏ పక్కకు వాలాలో మాత్రం నా చేతిలోనే ఉంది.

మర్నాటి నుంచి ఎవరు తినలేదన్నా "తినలేదేమోలే" అని ముద్ద పెట్టేది. కుండలో లేకపోతే తన ముద్ద తీసి పెట్టేది.

పక్కింటి నరసక్క చీవాట్లు పెట్టింది. "ఆకులు తీయొద్దని చెప్పు వదినా. ఎవరు తిన్నారో తెలిసిపోతాది."

"అప్పుడు నేను ఆకులకు కాపలా ఉండాల. సంకటి నువ్వు గెలుకుతావా?"

అడిగినవాళ్ళకల్లా ఆమె పెట్టడం చూసి నాగన్నకు ఆశ పుట్టింది. ఒకనాడు తిని, ఆకు తీసి, నీళ్ళు చల్లి, మళ్ళీ కూర్చున్నాడు.

"తినలేదక్కా."

"తినలేదేమోలే."

అదీ తిన్నాడు. ఆకు తీశాడు. నీళ్ళు చల్లాడు. మూడోసారి కూర్చున్నాడు. మీసానికి సంకటి అంటుకునే ఉంది.

సుంకమ్మ వంగి చూసింది. "నీ మీసం తిన్నట్టుంది నాయనా. నువ్వు తినలేదేమోలే."

జనం పకపకా నవ్వారు. నాగన్న కూడా నవ్వబోయి ఆగిపోయాడు. కుండ ఖాళీగా బోర్లించి ఉంది. తన ఆకులో పడిన ముద్ద ఆమె తినడానికి చట్టిలో పెట్టుకున్నది. ముట్టుకోకుండా ఆకు ఎత్తి ఆమె ముందు పెట్టాడు.

"నువ్వు తిన్నావా అక్కా?"

సుంకమ్మ ఖాళీ చట్టిలోకి తొంగి చూసింది. "గుర్తు లేదు నాయనా."

"తినలేదేమోలే, తిను" అన్నాడు నాగన్న.

ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ, ముందు ఆమె తింటేగానీ వరసలో ఎవరూ ఆకు వేసుకోలేదు. కొన్నాళ్ళకు నాగన్న పేరు మర్చిపోయింది. తన పేరూ మర్చిపోయింది. ఒకరోజు పొయ్యి పక్కనే కన్ను మూసింది.

ఆ కొట్టం ఇప్పుడు లేదు. ఆ గనులు నీళ్ళు నిండి మడుగులయ్యాయి. కానీ ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ, అన్నం తిని చెయ్యి కడుక్కున్న ముసలివాళ్ళు కాసేపటికే వచ్చి "నాకింకా పెట్టలేదు" అంటే, "ఇప్పుడే కదా తిన్నావు" అని ఎవరూ అనరు. చిన్న ముద్ద ఒకటి చేసి తెచ్చి, "తినలేదేమోలే" అంటారు. తినేదాకా పక్కనే కూర్చుంటారు.