పచ్చికాయలో గంజి

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన మూడు పళ్ళూ ఈ పొద్దే రాలిపోవాలి. గుర్రంబండ కొండ కింద మఠం నిజం, మఠంలో కాశమ్మ అవ్వ నిజం, ఆమె శిష్యుడు చెంగల్రాయుడైతే నిజం కన్నా ఇంకాస్త ఎక్కువే.

మదనపల్లె నుంచి రెండు గంటలు నడిస్తే వచ్చే చిన్న మఠం అది. కాశమ్మ అవ్వ ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి, ఆ తర్వాత తన గురువు దగ్గర తత్త్వం నేర్చుకుని అక్కడ కుదురుకుంది. మాట తక్కువ. ఆమె ఒక వాక్యం మాట్లాడితే మఠంలో వారం రోజులు దాని గురించే చెప్పుకునేవారు.

చెంగల్రాయుడికి ఆ పొదుపు తెలియదు. ఆరేళ్ళుగా ఆమె దగ్గరే ఉన్నాడు. ఆమె చెప్పినవీ, చెప్పబోయి మానేసినవీ, తుమ్మినప్పుడు అన్నవీ అన్నీ కంఠస్థం చేశాడు. పద్యాలు మూడు వేలు, వాటికి అర్థాలు ఆరు వేలు. అతను పొద్దున గొంతెత్తితే గోడ మీది బల్లులు మధ్యాహ్నానికి పిల్లాపాపలతో పక్క కొండకు వలసపోయేవి. వంట చేసే రెడ్డెమ్మ చెవుల్లో దూది పెట్టుకుని పప్పు రుబ్బుకునేది.

అంత తెలిసినవాడికి ఒకటే బాధ. అవ్వ అతన్ని ఎవరికీ బోధ చెప్పనివ్వదు.

"అవ్వా, నేను సిద్ధమైనట్టేనా?"

"ఇంకా లేదు నాయనా."

రోజుకు నలభైసార్లు అడిగేవాడు. నలభైసార్లూ అదే జవాబు. పండగ రోజుల్లో ఇంకో పది ఎక్కువ.

ఆ ఏడు పెద్దవంక ఊరివాళ్ళు కొత్తగా మఠం కట్టుకున్నారు. బోధ చెప్పడానికి ఒకరిని పంపమని అవ్వను అడిగారు. వచ్చే సోమవారం జీపు తెస్తామనీ, ఇక్కడ ఎవరూ లేకపోతే ఇంకో మఠాన్ని అడుగుతామనీ చెప్పి వెళ్ళారు. వాళ్ళ చెప్పుల దుమ్ము అణగకముందే చెంగల్రాయుడు తన పంచెలు రెండూ మూటగట్టేశాడు.

అవ్వ పెరట్లో టమాటా చెట్లను కర్రలకు కడుతోంది. దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"అవ్వా, సోమవారం నేను పొయ్యేదా?"

"ఇవి పండినాయేమో చూడు" అంది ఆమె.

చూశాడు. కాయలు పిడికిలంత ఉన్నాయి. రంగు మాత్రం పచ్చి పచ్చిగా, నున్నటి రాళ్ళలా ఉన్నాయి. అతనికి ఒళ్ళు మండింది.

"పది రోజుల నుంచీ ఇంతే ఉన్నాయి. ఎదగాల్సినంత ఎదిగినాయి కదా! ఇంక చెట్టు పట్టుకుని వేలాడేదానికి ఏముంది వీటికి?"

"నీకు కనపడేటంత ఎదిగినాయి" అంది అవ్వ, పురికొస పళ్ళతో కొరుకుతూ.

ఈమెకు ఏదీ చేతిలోంచి వదలబుద్ధి కాదు, కాయా అంతే, శిష్యుడూ అంతే అనుకున్నాడు చెంగల్రాయుడు. ఆ మధ్యాహ్నం అవ్వ కునుకు తీస్తుండగా గంపెడు కాయలు తెంపేశాడు. కట్టెల కొట్లో వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, మళ్ళీ గడ్డి కప్పి తలుపేశాడు. చెట్టు చేయలేని పని తాను చేసి చూపిస్తే అవ్వ నోరు కదలదని ధీమా.

ఆదివారానికి కాయలన్నీ ఎర్రబడ్డాయి. ఎరుపంటే అలాంటిలాంటి ఎరుపు కాదు. గంప బయటికి తెస్తే కొండ మీది కోతులు కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నాయి. రెడ్డెమ్మ మురిసిపోయి వాటితో రసం కాచింది.

ఒక్కొక్కరూ ఒక్కొక్క గుటక తాగారు. తీపి లేదు, కమ్మదనం లేదు. గుడ్డ పిండిన నీళ్ళలో పులుపు కలిపినట్టుంది.

"రంగు చూసి మోసపోయినా తల్లీ" అని రెడ్డెమ్మ నెత్తి కొట్టుకుంది. "ఉప్పేసినా, బెల్లమేసినా, ఇంగువేసినా, ఇది మాత్రం ఉలకదు పలకదు!"

అవ్వ గిన్నె పక్కన పెట్టి, చేయి కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయింది.

సరిగ్గా అప్పుడే గంగులప్ప అనే రైతు వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. మొహం వాడిపోయి ఉంది. అతని కాడెద్దుల్లో ఒకటి తెల్లవారుజామున చచ్చిపోయిందట. ఇంట్లో ఉండలేక ఎండలో నడిచొచ్చేశాడు.

అవ్వ లేదు. మనిషి దుఃఖంలో ఉన్నాడు. చెంగల్రాయుడు గొంతు సవరించుకున్నాడు.

దేహం ఎలా పుడుతుందో, ఎలా పోతుందో చెప్పాడు. ఎద్దుకూ దాన్ని తోలేవాడికీ భేదం లేదని చెప్పాడు. తొమ్మిది పద్యాలు, పద్యానికి రెండు అర్థాలు. నాలుగో పద్యానికి నీడ అరుగు దాటి పోయింది. ఏడో పద్యానికి ఋతువు మారిందేమో అనిపించింది.

గంగులప్ప రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. మూడోసారి తెగించాడు.

"సామీ, తాగేదానికి రవ్వన్ని నీళ్ళిస్తారా?"

"ఇస్తా నాయనా. ఈ పద్యం అయిపోనీ."

వెనక నుంచి చెంబుతో అవ్వ వచ్చింది. గంగులప్పకు నీళ్ళిచ్చి, తాగినంతసేపూ పక్కన కూర్చుంది. తర్వాత అడిగింది:

"దాని పేరేమి?"

"మైలారి" అన్నాడు గంగులప్ప. అని భోరుమన్నాడు. అది పొలానికి తన కన్నా ముందు లేచేదనీ, కూతురు మొదటి అడుగులు దాని తోక పట్టుకునే వేసిందనీ చెప్పుకుంటూ చాలాసేపు ఏడ్చాడు. ఏడ్చి, ముఖం తుడుచుకుని, అవ్వకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

చెంగల్రాయుడికి చిర్రెత్తుకొచ్చింది. తొమ్మిది పద్యాలకు కదలనివాడు ఎద్దు పేరు అడిగితే కరిగిపోవడమేమిటి? పేరు అడగడంలో తత్త్వమెక్కడుంది?

పొద్దు వాలుతుండగా ఇక ఆగలేకపోయాడు.

"అవ్వా! జీపు పొద్దున్నే వస్తుంది. పోమంటారా, వద్దంటారా? ఆరేళ్ళయింది. నాకు తెలియనిది ఏముందో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చెప్పండి, చాలు!"

అవ్వ ఒక నిట్టూర్పు విడిచింది. ఆ నిట్టూర్పుకు మూడు ఊళ్ళ అవతల ఆరేసిన బట్టలు ఎగిరిపోయాయని చెప్పుకుంటారు.

"పెరట్లో ఒక పండు, ఒక పచ్చి పిందె తెంపుకుని రా. చెట్టు మీద పండిందే తే. అట్లే నా మందుల పెట్టె కూడా."

తెచ్చాడు. అవ్వ కత్తితో రెంటినీ రెండు చెక్కలు చేసింది. పెట్టెలోంచి గాయాలకు పూసే టించరు అయోడిన్ సీసా తీసింది. గాజు గొట్టంతో పండు మీద ఒక చుక్క వేసింది. చుక్క గోధుమరంగులోనే నిలిచి, అలాగే జారిపోయింది.

తర్వాత పచ్చి పిందె మీద ఒక చుక్క వేసింది.

పడిన చోట కాయ నల్లబడింది. నీలం కలిసిన నలుపు. చూస్తుండగానే సిరా ఒలికినట్టు పాకింది. చెంగల్రాయుడు మూడడుగులు వెనక్కి దూకాడు.

"విషమా అవ్వా?"

"గంజి" అంది అవ్వ. "నా నర్సు చీరలకు దిట్టంగా గంజి పెట్టేదాన్ని. ఈ మందు పడితే ఇట్లే నల్లబడేవి."

"కాయలోకి గంజి ఎట్లొచ్చింది?"

"ఆకులు పగలంతా తీపి వండి పంపిస్తాయి. పిందె దాన్ని అట్లే తినదు. గంజి చేసి మూటగట్టి పెట్టుకుంటుంది. పండేటప్పుడు ఆ మూట విప్పుతుంది. అప్పుడు గంజి మళ్ళా తీపవుతుంది. ఆకులు ఆఖరుదాకా పంపిస్తానే ఉంటాయి."

"మరి నేను గడ్డిలో పెట్టినవి?"

"వాటికి ఆకు పంపేది నిలిచిపాయె. రంగొక్కటి వచ్చె."

చెంగల్రాయుడు నల్లబడిన పిందెను చూశాడు. ఆ చూపులో ఏదో కదిలింది. అవ్వకు ఆశ పుట్టింది. ఒక్క క్షణమే.

"అవ్వా!" అన్నాడతను, కళ్ళు మెరుస్తుండగా. "దీనికి సరిగ్గా సరిపోయే పద్యం ఒకటుంది, వినండి—"

అవ్వ గాజు గొట్టం మళ్ళీ సీసాలో ముంచింది. నిండుగా పైకి తీసి, అతని మొహం దగ్గరికి తెచ్చింది.

"నాలుక చాపు" అంది.

గొట్టం చివర గోధుమరంగు చుక్క ఒకటి, పడదామా వద్దా అన్నట్టు వేలాడుతోంది. చెంగల్రాయుడు చుక్కను చూశాడు. పీట మీద నల్లగా ఉన్న పిందెను చూశాడు. మళ్ళీ చుక్కను చూశాడు.

ఆరేళ్ళలో మొదటిసారి నోరు మూసుకున్నాడు.

అవ్వ చుక్కను సీసాలోకి వదిలి మూత బిగించింది.

పొద్దున జీపు వచ్చింది. పెద్దవంక పెద్దలు దిగి, పంపే మనిషి ఎవరని అడిగారు. అవ్వ శిష్యుడి వైపు చూపించి, ఆయన్నే అడగమంది.

"వస్తారా సామీ?"

"ఇప్పుడు కాదన్నా" అన్నాడు చెంగల్రాయుడు. అంతే. అర్థాలు చెప్పలేదు. జీపు వచ్చిన దారినే పోయింది. మూటలోని రెండు పంచెలు తీసి అతనే ఉతికి ఆరేసుకున్నాడు. ఆ రోజు మఠం ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, వరిగడ్డిలో చీమలు దగ్గడం కూడా వినిపించింది.

కథ అయిందిలే, ఇంక అట్లా నోరు తెరుచుకుని కూర్చోకు. ఈ సంచి పట్టుకుని సంతకు పో. కిలో టమాటాలు తే. ఎర్రగా ఉన్నాయని ఎగబడొద్దు, ముందు ఒకటి కొరికి చూడు. అమ్మే ఆమె తిడితే తిట్టించుకో, నా పేరు మాత్రం చెప్పకు. పోయినవారం కొరికినవాటికే ఆమె నన్ను ఇంకా వెతుకుతోంది.