పరదేశినాయుడి ఖాళీ బుట్ట

నాగరేవు అనే ఊళ్ళో పిండిమర నడిపే పరదేశినాయుడు మంచివాడే గానీ, ఓడిపోయానన్న మాట మాత్రం చచ్చినా ఒప్పుకునేవాడు కాదు.

ఆయనకు గాలం వేయడమంటే మహా సరదా. వారమంతా తెల్లబడ్డ కనుబొమలతో పిండి దుమ్ములో నిలబడేవాడు. ఆదివారం వచ్చిందంటే చాలు, పొద్దు పొడవకముందే గాలపు కర్ర, తాటాకు బుట్ట తీసుకుని ఏరు సముద్రంలో కలిసే చోటికి బయలుదేరేవాడు. అయితే సరదా ఒక్కటే ఉంటే సరిపోతుందా? ఆ సరదా చేపలకు కూడా ఉండాలి కదా! ఎండ నెత్తికెక్కేదాకా కూర్చున్నా ఆయన గాలానికి నాచు తప్ప మరేమీ తగిలేది కాదు.

అలాంటప్పుడు మామూలు మనిషైతే "ఇవాళ పడలేదోయ్" అని నవ్వేసి ఇంటికి పోతాడు. నాయుడు అలా కాదు. చేపల బజారు వెనక సందులోంచి వెళ్ళి, పోలమ్మ దగ్గర మంచి చేపలు కొని బుట్టలో వేసుకునేవాడు. ఆ తర్వాత బుట్ట మూత తెరిచి, పదిమందికీ కనబడేలా పెద్ద రోడ్డు మీదుగా ఇంటికి నడిచేవాడు.

"ఏటి నాయుడుగారూ, ఇయ్యాల కూడా బుట్ట నిండిపోనాదా?" అని దారిలో వాళ్ళు అడిగేవారు.

"ఏదోలెండి, సముద్రం మన మాట ఇంటంది," అని నాయుడు మీసం దువ్వుకునేవాడు.

వేసవిలో కానగంతలు, వానల్లో పండుగప్పలు, చలికాలంలో పారలు. పోలమ్మ తట్టలో ఏ చేప ఉంటే ఆ చేపే నాయుడి గాలానికి పడేది. రెండేళ్ళు తిరిగేసరికి గాలం వేయడంలో ఆయనను మించినవాడు ఆ తీరంలోనే లేడని పేరు వచ్చేసింది. ఆ పేరుతో పాటు ఒక చిక్కు కూడా వచ్చిపడింది. ఊరంతా మొనగాడనుకునే మనిషి "ఎర ఎలా గుచ్చాలండీ?" అని ఎవరిని అడుగుతాడు? పేరు పెరిగినకొద్దీ అడిగే దారి మూసుకుపోయింది. పాపం, మొదటి ఆదివారం ఆయనకు ఎంత వచ్చో, రెండేళ్ళ తర్వాత కూడా అంతే వచ్చు.

ఏరు సముద్రంలో కలిసే చోట ఏనుగుబండ అని ఒక పెద్ద రాయి ఉండేది. దాని చుట్టూ చేపలు బాగా తిరిగేవి. ఆ బండ కోసం నాగరేవు వాళ్ళకీ, ఏటికి అవతల ఉన్న కోటరేవు వాళ్ళకీ ఏటా చలికాలంలో ఒక పోటీ జరిగేది. ఊరికి ఒక్కరు గాలం వేయాలి. పెద్ద చేప ఎవరికి పడితే ఏడాది పొడుగునా ఆదివారాలు బండ ఆ ఊరిది. ఓడినవాళ్ళు ఇసకలో కూర్చోవాల్సిందే. ఎన్నో ఏళ్ళుగా నాగరేవు వాళ్ళు ఇసకలోనే కూర్చుంటున్నారు.

నాగరేవులో సరదాకి గాలం వేసేవాళ్ళందరికీ భానోజీ మాస్టారు పెద్దదిక్కు. ఆయన బడి నుంచి రిటైరై చాలాకాలమైంది. "ఈ మోకాళ్ళు పూర్తిగా మొరాయించేలోగా మళ్ళీ ఒక్కసారి ఆ బండ మీద కూర్చుని గాలం వెయ్యాలిరా," అని ఎప్పుడూ అంటూ ఉండేవారు. పోటీకి వెళ్ళేవాళ్ళ పేర్లు ఉగాదినాడే రెండూళ్ళవాళ్ళూ ఇచ్చిపుచ్చుకునేవారు. ఆ ఉగాదికి మాస్టారు అందరినీ పిలిచి, "ఈసారి మన తరఫున పరదేశినాయుడు," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాయుడి ఛాతీ ఉప్పొంగింది. మరుక్షణమే తన గాలానికి ఇంతవరకూ నాచు తప్ప ఏమీ పడలేదని గుర్తొచ్చింది.

అయినా అలవాటు అంత తేలిగ్గా పోతుందా? ఆరోజు కూడా ఆయన పోలమ్మ దగ్గర రెండు చందువలు కొనుక్కునే ఇంటికి వెళ్ళాడు. భార్య మంగవేణి కత్తిపీట ముందు కూర్చుని ఒక చేపను చేతిలోకి తీసుకుంది.

"ఏటండీ, సముద్రంలో ఐసు ఫ్యాక్టరీ ఎప్పుడెట్టినారు?" అంది.

"ఏటీ?" అన్నాడు నాయుడు.

మంగవేణి చేప మొప్ప ఎత్తి చూపించింది. లోపల ఐసు ముక్క తళతళ మెరుస్తోంది. "ఇదొక్కటే కాదండీ. రెండేళ్ళ నుంచీ మీ గాలానికి పడిన చేపలన్నిట్లోనూ ఐసు ఉంటంది," అంది.

నాయుడికి తల కొట్టేసినట్టయింది. "తెలిసీ ఎందుకు సెప్పలేదే?" అన్నాడు.

"మీ సరదా పాడుసెయ్యడం ఎందుకని ఊరుకున్నాను. పోలమ్మ సేపలు బాగానే ఉంటన్నాయి కూడాను. కానీ ఇప్పుడు ఊరు మిమ్మల్ని నమ్మి పోటీకి పంపుతంది. ఆరోజు ఇసకలో పోలమ్మ తట్ట ఉండదు. మాస్టారు ఆ బండ మీద ప్రాణం పెట్టుకున్నారు. ఆయనని మోసం సెయ్యకండి. ఎల్లి నిజం సెప్పీయండి."

నాయుడు ఆ పూట చేపల కూర ముట్టలేదు. సాయంత్రం ఇసకలో అందరూ చేరినచోటికి వెళ్ళి, తలవంచుకుని ఉన్నదంతా చెప్పేశాడు. కొందరు పగలబడి నవ్వారు. కొందరికి ఒళ్ళు మండిపోయింది. "పోటీకి ఇంకొకరిని పంపండి మాస్టారూ," అన్నాడు నాయుడు.

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "పేరు కోటరేవుకి పంపేశాం నాయుడూ. ఉగాదినాడు ఇచ్చిన పేరు మార్చకూడదన్నది రెండూళ్ళ కట్టుబాటు. నువ్వు వెళ్ళకపోతే ఓడినట్టే," అన్నారు.

"అయితే నాకు నేర్పండి మాస్టారూ," అన్నాడు నాయుడు. "ఎర గుచ్చడం కూడా నాకు రాదు."

ఆ మాట బయటికి రావడానికి రెండేళ్ళు పట్టింది. మాస్టారు ఆయన చేతిలో ఒక రొయ్యను పెట్టి, "ఏదీ, గుచ్చు," అన్నారు. నాయుడు గుచ్చాడు. రొయ్య రెండు ముక్కలై ఇసకలో పడింది. అందరూ నవ్వారు. ఈసారి నాయుడు కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. మనసు తేలికపడినట్టు అనిపించింది.

ఆ వేసవి ఆయనకు పెద్ద పరీక్షే. నీళ్ళు అద్దంలా తేరుకుని ఉండేవి. మనిషి నీడ పడితే చాలు, చేప పారిపోయేది. వెలుగు పెరిగాక లోతుకి వెళ్ళిపోయేది. సన్నటి తంగూసు దారం కట్టాలనీ, ఎండ ముదరకముందే వెయ్యాలనీ మాస్టారు చెప్పారు. నాయుడు చెప్పినట్టే చేశాడు. అయినా ఖాళీ బుట్టతోనే పెద్ద రోడ్డు మీదుగా ఇంటికి నడిచాడు.

"ఏటి నాయుడుగారూ, ఇయ్యాల?" అని దారిలో వాళ్ళు వెక్కిరింపుగా అడిగేవారు.

"ఏటీ పడలేదు. ఖాళీ," అనేవాడు నాయుడు. మొదట్లో ఆ మాట ముల్లులా గొంతుకి అడ్డం పడేది. రానురాను అలవాటైపోయింది. పైగా ఒక విచిత్రం జరిగింది. ఖాళీ అని చెప్పగానే ఎవరో ఒకరు ఆగి, "ఏ ఎర ఎట్టినారు? ఏ పక్కకి ఏసినారు?" అని అడిగేవారు. తమకు తెలిసింది చెప్పేవారు. బుట్ట నిండుగా ఉన్నన్నాళ్ళూ ఆయనకు ఎవరూ ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ఏడ్చింది పోలమ్మ ఒక్కతే. "మీరు నిజం సెప్పడం మొదలెట్టినారు, నా ఆదోరం బేరం పోనాది," అని ఆవిడ సాధించేది.

వానలు మొదలయ్యాయి. ఏటికి వరద వచ్చి సముద్రంలో ఎర్రనీళ్ళు కలిశాయి. మిగతావాళ్ళు వానకి తడవలేక ఇళ్ళలో కూర్చున్నారు. నాయుడు గొడుగు కింద కూర్చుని చూశాడు. ఎర్రనీళ్ళూ పచ్చనీళ్ళూ కలిసేచోట ఒక గీత గీసినట్టుంది. ఆ గీత వెంబడి చిన్న చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. "చిన్నవి బెదురుతున్నాయంటే వాటి వెనక పెద్దవి ఉండాలి కదా!" అనుకుని అక్కడికే గాలం విసిరాడు. కర్ర చివర టక్కుమని వంగింది. బెత్తెడు కన్నా కాస్త పెద్దదైన గొరక చేప! దాన్ని చూసి ఆయన వానలోనే గంతులేశాడు. ఇంటికి వెళ్ళి, "మంగా! మొప్పలో ఏముందో చూడు!" అని కేకేశాడు. మంగవేణి చూసి, "ఏటీ నేదండీ, ఒట్టి నెత్తురే!" అని నవ్వింది. ఆ చిన్న చేపను ఇద్దరూ చెరో ముక్కా తిన్నారు. పోలమ్మ చందువలకు ఎప్పుడూ అంత రుచి లేదు.

వానలు తగ్గాక తుఫాను వచ్చింది. అది పోయాక చూస్తే తీరం తీరే మారిపోయింది. పాత గుంటలు పూడిపోయాయి. అందరూ మాత్రం అలవాటు కొద్దీ పాతచోట్లలోనే గాలం వేస్తున్నారు. నాయుడికి పాత అలవాట్లేవీ లేవు. నీళ్ళు బాగా వెనక్కి తీసిన వేళ చూసి, ప్యాంటు మడిచి, ఒడ్డు వెంట నడిచి వెతికాడు. ఇసకదిబ్బను కోసుకుంటూ కొత్తగా ఒక సన్నటి కాలువ పడింది. పోటు తగ్గేటప్పుడు ఏట్లో నీళ్ళూ, వాటితో పాటు చిన్న చేపలూ దాంట్లోంచే సముద్రంలోకి జారుతున్నాయి. ఆయన ఆ సంగతి మాస్టారికి చెప్పాడు. "ఇది నాకూ తెలీదోయ్!" అన్నారు మాస్టారు కళ్ళు పెద్దవి చేసి.

చలి ముదిరింది. పోటీ రోజు రానే వచ్చింది. రెండూళ్ళవాళ్ళూ ఇసకలో బారులు తీరారు. కోటరేవు తరఫున దాలినాయుడు వచ్చాడు. ఎన్నో ఏళ్ళుగా గెలుస్తున్నది ఆయనే. "ఐసు సేపల నాయుడొచ్చినాడు!" అని అవతలివాళ్ళు ఈలలు వేశారు. లైట్‌హౌస్‌లో పనిచేసే ఒక పెద్దమనిషి తీర్పరిగా నిలబడి నియమాలు చెప్పాడు. మధ్యాహ్నం వరకే సమయం. గాలం చేప నోటికి తగిలితేనే లెక్క. ఒంటికి తగిలి వస్తే వదిలేయాలి. చేప ఒడ్డుకి వచ్చాక చేతివల పట్టడానికి ఒకరిని తోడు తెచ్చుకోవచ్చు.

కాసేపటికే దాలినాయుడు మోచేయంత పారను లాగాడు. కోటరేవు వాళ్ళు గోల చేశారు. పరదేశినాయుడి గాలం కదలలేదు. పొద్దు పైకెక్కింది. మాస్టారు మోకాళ్ళు పట్టుకుని చూస్తున్నారు.

అప్పుడు నాయుడి కర్ర ఒక్కసారిగా వంగింది. ఆయన నడుంలోతు నీళ్ళలో నిలబడి లాగి లాగి చేపను చేతికి తెచ్చుకున్నాడు. దాలినాయుడి పార కన్నా పెద్దది! అయితే గాలం నోటికి లేదు, తోక పక్కన ఒంట్లో దిగి ఉంది. ఆయన వీపు ఒడ్డు వైపు ఉంది. ఎవరూ చూడలేదు. గాలం పీకేసి నోటికి పడిందంటే కాదనేవాళ్ళు లేరు. నాయుడు గాలం మీద చెయ్యి వేశాడు. బండ గుర్తొచ్చింది. మాస్టారి మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి చేపను పైకెత్తాడు.

"ఒంటికి తగిలింది. ఇది లెక్కకి రాదు," అని గట్టిగా అరిచి, చేపను నీళ్ళలోకి వదిలేశాడు. "నా బుట్ట ఇంకా ఖాళీయే!"

నాగరేవు వాళ్ళు తలలు పట్టుకున్నారు. కోటరేవు వాళ్ళ ఈలలు మాత్రం ఆగిపోయాయి. మాస్టారు లేచి నిలబడి, "శభాష్ నాయుడూ!" అన్నారు. ఆ మాటతో నాయుడి భయం ఎటో పోయింది. నీళ్ళ వైపు చూశాడు. పోటు విరిగి, నీళ్ళు వెనక్కి తీయడం మొదలైంది. ఆయన కర్ర భుజాన వేసుకుని, అందరినీ దాటి, ఇసకదిబ్బ మధ్య కొత్త కాలువ దగ్గరికి పరుగెత్తాడు. బతికున్న చిన్న కొయ్యింగ చేపను ఎరగా గుచ్చి, జారే నీళ్ళలోకి వదిలాడు.

తీర్పరి వాచీ చూసుకుంటున్నాడు. ఇంతలో తంగూసు సర్రుమని పరుగెత్తింది. కాలువలోంచి నిలువెత్తున ఒక పండుగప్ప పైకి లేచి, తల విదిలించి, ధబేలుమని పడింది. ఒడ్డున ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

"బిగువు వదలకు!" అని అరిచారు మాస్టారు. అది లాగినప్పుడు నాయుడు వదిలాడు, అలిసినప్పుడు చుట్టాడు. చేతులు మండిపోయాయి. చేప మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. చివరికి పక్కకి ఒరిగింది. మాస్టారు మోకాళ్ళ సంగతి మర్చిపోయి, వల పట్టుకుని నీళ్ళలోకి దిగిపోయారు. ఒక్క ఊపున చేపను వలలోకి తీశారు. గాలం పై పెదవికి దిగి ఉంది. తీర్పరి వచ్చి చూశాడు. ఆ పండుగప్ప పక్కన దాలినాయుడి పార చంటిపిల్లలా ఉంది.

"గెలుపు నాగరేవుది!" అన్నాడు తీర్పరి.

తీరం దద్దరిల్లిపోయింది. మంగవేణి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పోలమ్మ ఖాళీ తట్ట తిరగేసి డప్పులా వాయించింది. దాలినాయుడు వచ్చి నాయుడి చెయ్యి పట్టుకుని, "ఆ పెద్ద సేపని నువ్వు వొదిలీసినప్పుడే నేను ఓడిపోనాను బావూ," అన్నాడు. తడిసిన పంచెతో ఉన్న మాస్టారిని నలుగురూ ఎత్తుకుని తీసుకెళ్ళి ఏనుగుబండ మీద కూర్చోబెట్టారు. ఆయన చిన్నపిల్లాడిలా కాళ్ళు ఊపుకుంటూ గాలం నీళ్ళలోకి వేశారు. నాయుడు ఆయన పక్కనే కూర్చుని, "మాస్టారూ, వచ్చే వేసవికి ఏ ఎర మంచిదండీ?" అని అడిగాడు.

పిల్లలూ, తెలుసుకోండి: గొప్ప కోసం అబద్ధమాడేవాడు ఏమీ నేర్చుకోలేడు. తన బుట్ట ఖాళీ అని ధైర్యంగా ఒప్పుకున్నవాడే దాన్ని నిజంగా నింపుకోగలడు.