పేరంటాలు పరిచిన భూమి

ఒకప్పుడు భూమి బొమ్మలో అబద్ధమనేదే ఉండేది కాదు. ఎందుకంటే ఆ బొమ్మ కాగితం మీదో గుడ్డ మీదో కాకుండా కుండ మీద ఉండేది.

కుమ్మరి గుండ్రటి కుండ చేసి ఎండకి పెడితే, భూమి తనంతట తానే దాని మీద తన బొమ్మ దించేది. కొండ ఉన్నచోట కొండ, నీళ్లున్న చోట నీళ్లు. పెద్దది పెద్దగా, చిన్నది చిన్నగా. కుండ నెత్తిన మంచునేల అరచేయంత ఉండేది. నడుమ మన వేడినేల దానికి ఎన్నో రెట్లు ఉండేది. కుండ మూతి అడుగువైపుకి వచ్చేది కనక అటు ఏముందో బొమ్మలో ఉండేది కాదు. అటు పోయేవాళ్లూ లేరు, అడిగినవాళ్లూ లేరు. దాన్ని లోకంకుండ అనేవారు. పడవకొకటి ఉండేది.

వినడానికి బాగానే ఉంటుంది. మోసినవాళ్లని అడగండి చెబుతారు. పడవ ఊగితే కుండ దొర్లేది. దొర్లకుండా గడ్డి చుడితే సగం లోకం గడ్డిలో దాక్కునేది. ఒక్క పెద్ద కెరటం వచ్చిందంటే కొండలూ సముద్రాలూ అన్నీ కలిసి పెంకులయ్యేవి.

బంగారయ్య కుండ అలాగే పగిలింది.

బంగారయ్యది గోదావరి సముద్రంలో కలిసేచోట ఒక చిన్న ఊరు. పడవలో బియ్యం, బెల్లం వేసుకుని, ఎక్కడో ఉత్తరాన మంచునేల పక్కనున్న రేవుకి పోయి, కంబళ్లు వేసుకుని వచ్చేవాడు. ఒక ఏడాది తిరిగి వచ్చేటప్పుడు కుండ పగిలింది. నాలుగు నెలల్లో రావలసిన మనిషి రెండేళ్లకి వచ్చాడు. సగం మనిషి అయ్యాడు. జుట్టంతా తెల్లబడింది.

ఆ రెండేళ్లూ అతని భార్య పేరంటాలు పూతరేకులు చేస్తూ కూర్చుంది. పూతరేకు ఎలా చేస్తారో తెలుసు కదా. కుండ బోర్లించి, లోపల కొబ్బరాకుల మంట పెట్టి, పల్చగా కలిపిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్క లాగు లాగుతారు. కళ్లు మూసి తెరిచేలోగా ఉల్లిపొరంత పల్చటి రేకు లేస్తుంది. లాగడం, తియ్యడం. లాగడం, తియ్యడం. లాగిన ప్రతిసారీ పేరంటాలు తల తిప్పి రేవు వైపు చూసేది. రెండేళ్లు అలా చూసీ చూసీ ఆమె మెడ ఒక పక్కకి ఒరిగిపోయింది.

ఇప్పుడు గాలి మళ్లీ ఉత్తరానికి తిరగబోతోంది. నాలుగు రోజుల్లో పడవ కదలాలి.

"ఈసారికి పోకపోతే ఏం మావా?" అంది పేరంటాలు.

"పడవోణ్ణి పట్టుకుని పోవద్దంటే ఎలాగే?" అన్నాడు బంగారయ్య, కొత్త లోకంకుండకి గడ్డి చుడుతూ.

"అది మళ్లీ పగులుద్ది."

"పగలొచ్చు. పగలకపోవచ్చు."

పేరంటాలు మెల్లగా అంది. "ఏడవమంటే ఇంకా ఏడుస్తానేమో గానీ, ఎదురు చూడమంటే నా వల్ల కాదు మావా. ఓపికంతా అయిపోయింది."

బంగారయ్య చేతిలో గడ్డి ఆగిపోయింది.

"ఆ కుండ ఇటియ్యి," అంది పేరంటాలు. "దీని మీంచి రేకు తీసి గుడ్డకి దించుతాను. మడిచి మొలలో దోపుకుందువు గాని. గుడ్డ పగలదు కదా."

ఎన్ని వేల రేకులు తీసిన చెయ్యో అది. ఇదొక లెక్కా అనుకుంది. లోకంకుండని పొయ్యి మీద బోర్లించి మంట పెట్టింది. కుండంతా ఒక్క లాగుకి రాదు కనక నెత్తి నుంచి కిందికి పన్నెండు లాగులు లాగింది. పన్నెండు రేకులు వచ్చాయి. కుండ మీది గీతలన్నీ రేకుల మీదికి చక్కగా ఎక్కాయి. వాటిని తడిపి మెత్తబరిచి, తెల్లగుడ్డ మీద పక్కపక్కన పరిచింది.

నడుమ అన్నీ ఒకదాన్నొకటి ఆనుకున్నాయి. పైకి పోయేకొద్దీ మాత్రం ప్రతి రేకూ సన్నబడి మొనతేలింది. రేకుకీ రేకుకీ మధ్య సందులు పడ్డాయి. జరిపి చూసింది, తిప్పి చూసింది. పైన కలిపితే నడుమ ఎగదన్నేది. నడుమ అణిస్తే పైన విడిపోయేది.

"నన్ను పన్నెండు పీలికలు చేశావేంటమ్మా?" అంది గుడ్డ మీంచి మంచునేల, వణుకుతున్న గొంతుతో.

అంతలో పోటు వేళయింది. సముద్రుడు రొప్పుకుంటూ పెరటి చివరిదాకా వచ్చాడు. రోజుకి రెండుసార్లు రావడం, రెండుసార్లు పోవడం, ఏనాడూ మానడానికి లేదు. ఆయనకీ ప్రాణం విసిగిపోయి ఉంది.

"ఈ సందుల్లో ఏముంది?" అన్నాడు గుడ్డ చూసి.

"ఏమీ లేదు బాబయ్యా. ఉత్త గుడ్డ."

"నాలో ఏమీ లేని చోటంటూ ఎక్కడా లేదు. మరి నీ మొగుడు ఈ సందు దగ్గరికొచ్చి ఎటు పోతాడు?" అని, జవాబు కోసం ఆగకుండా వెనక్కి పోయాడు. అక్కడికి ఒక రోజు అయిపోయింది.

రెండో రోజు పేరంటాలు మళ్లీ పన్నెండు రేకులు తీసింది. ఈసారి తడివేళ్లతో ప్రతి రేకు కొననీ పట్టుకుని అడ్డంగా సాగదీసింది. సందులు పూడేదాకా సాగదీసింది. వేళ్లు ఉబ్బిపోయాయి. సాయంత్రానికి గుడ్డ నాలుగు మూలలా నిండింది. మంచునేల అటుచివర నుంచి ఇటుచివరదాకా చాపలా పరుచుకుంది.

"పీలికల కంటే నయమే," అంది మంచునేల. "కానీ నన్నెవరో తొక్కేసినట్టుంది."

సముద్రుడు రెండో పోటుకి వచ్చి గుడ్డ మీద తడివేలు పెట్టాడు. ఊరి దగ్గర మొదలుపెట్టి, ఉత్తరపు రేవుదాకా వేలు జరిపి, తల అడ్డంగా తిప్పాడు.

"మూలగా పోవలసిన దారి ఇందులో పడుకుండిపోయింది పేరంటాలూ. అడ్డంగా లాగావు కదా, దిక్కులన్నీ ఒరిగిపోయాయి. దీన్ని నమ్ముకుంటే మీ ఆయన నా రాళ్ల మీద తేలతాడు."

"మరి ఎలా చెయ్యమంటావు?"

"నాకేం తెలుసు? నాకు పోయే వేళయింది."

మూడో రోజు పొద్దున పేరంటాలు పొయ్యి ముందు కూర్చుంది గానీ మంట వెయ్యలేదు. చేతులు బొబ్బలెక్కాయి. వీధిలో బంగారయ్య పడవకి తాళ్లు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. రేపు పొద్దున్నే వెళ్లిపోతాడు. మళ్లీ ఆ కుండే, మళ్లీ ఆ గడ్డే. ఆమెకి ఏడుపు కూడా రాలేదు. అరచెయ్యి నేలకి ఆనించి అలా ఉండిపోయింది.

"నీ చెయ్యి కాలిపోతోందే పిల్లా," అంది కింద నుంచి భూమి.

పేరంటాలు ఉలిక్కిపడలేదు. ఉలిక్కిపడడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

"నువ్వెందుకమ్మా ఇలా పుట్టావు?" అంది. "కాస్త చదునుగా పుడితే నీ సొమ్మేం పోయేది? ఒక్కసారి పడుకోరాదా? నేను నీ బొమ్మ తీసుకుని వదిలేస్తాను."

భూమి గట్టిగా నిట్టూర్చింది. పెరట్లో కొబ్బరాకులు కదిలాయి.

"నేనూ పడుకుందామనే చూస్తున్నానే. పుట్టిన దగ్గర్నుంచీ తిరుగుతూనే ఉన్నాను. పడుకుందామంటే నాకు వీపేదో పొట్టేదో తెలీదు. అంతా గుండ్రమే. ఎటు వాలినా దొర్లిపోవడమే. ఒక్క క్షణం ఆగితే ఒకవైపు వాళ్లకి తెల్లారదు, ఇంకోవైపు వాళ్లకి పొద్దుగూకదు. ఆగనిస్తారా?"

అలసిపోయినవాళ్లు ఇద్దరు ఒకచోట కూర్చుంటే కొంచెం హాయిగానే ఉంటుంది.

"చూడు పేరంటాలూ," అంది చివరికి భూమి. "నన్ను చదునుగా పరిస్తే నాలో అన్నీ దక్కవు. ఎవరి కొలత వాళ్లకి సరిగ్గా రావాలంటే రూపాలు వంకరపోతాయి. దిక్కులు సరిగ్గా ఉండాలంటే కొలతలు తప్పుతాయి. అన్నీ కావాలంటే కుండే గతి. ఒక్కటి అడుగు. అది మాత్రం తప్పకుండా ఇస్తాను."

పేరంటాలు ఆలోచించలేదు. రెండేళ్లుగా ఆమె ఆలోచించింది ఆ ఒక్కదాని గురించే.

"మా మావ ఇంటికి రావాలి. దిక్కు తప్పకూడదు. ఇంకేం తప్పినా సరే."

"అయితే విను. నిన్న అడ్డంగా సాగదీశావు కదా. ఏ చోట అడ్డంగా ఎంత సాగదీశావో, ఆ చోట నిలువుగానూ అంతే సాగదియ్యి. అప్పుడు దిక్కులు ఒరగవు."

పేరంటాలు లేచి మంట వేసింది. మళ్లీ పన్నెండు రేకులు. బొబ్బల చేతులతో అడ్డంగా లాగింది, అంతకంత నిలువుగా లాగింది. నడుమ పెద్దగా లాగే పని లేకపోయింది. పైకి పోయేకొద్దీ లాగాల్సింది పెరిగిపోయింది. కొట్టకొనకి ఎంత లాగినా చాలలేదు. అక్కడికి గుడ్డే అయిపోయింది. అరచేయంత మంచునేల దుప్పటంతైంది.

"ఇప్పుడు బాగుంది," అంది మంచునేల గొంతు సవరించుకుని. "నేను ఇంతదాన్నని నాకే తెలీదు."

వేడినేలకి మాత్రం ఒళ్లు మండింది. "ఏమ్మా, నా ఇంట్లోదానివై ఉండీ," అంది. "నాలో పదోవంతు లేనిదాన్ని తీసుకెళ్లి నా నెత్తిన అంతదాన్ని చేసి కూర్చోబెడతావా? నన్ను చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"ఏమన్నా అనుకోనీ తల్లీ," అంది పేరంటాలు. "సర్దుకోమని ఇంట్లోవాళ్లనే కదా అడగ్గలం. మా మావ వచ్చి దిగేది నీ ఒడ్డునే. నువ్వు ఎంత చిన్నగా కనబడితే ఏం, ఆయన నిన్ను చేరితే చాలదా?"

వేడినేల మూతి ముడుచుకుంది. చాలాసేపటికి, "సరే గానీ, నా కొలత నాకిచ్చే రేకు కూడా ఎవరో ఒకరు తియ్యాలి," అంది.

"తీస్తారులే," అంది భూమి. "అప్పుడు నీ మొహం పిండిన గుడ్డలా సాగుద్ది. మళ్లీ నా దగ్గరికొచ్చి ఏడవకు."

సాయంత్రం పోటుకి సముద్రుడు వచ్చాడు. ఊరి నుంచి ఉత్తరపు రేవుకి వేలు జరిపాడు. మళ్లీ జరిపాడు. ఏమీ అనకుండా తిరిగి వెళ్లాడు. సముద్రుడు ఏమీ అనలేదంటే అంతకంటే మెప్పు లేదు.

నాలుగో రోజు బంగారయ్య ఆ గుడ్డ మడిచి మొలలో దోపుకుని పడవ ఎక్కాడు. కుండ ఒడ్డునే ఉండిపోయింది. పేరంటాలు రేవుదాకా వెళ్లింది గానీ పడవ కనుమరుగయ్యేదాకా నిలబడలేదు. వెనక్కి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. ఆ రోజు నుంచి తల తిప్పి రేవు వైపు చూడనని ఒట్టు పెట్టుకుంది. పెట్టుకున్నదే గానీ, చూస్తూనే ఉంది.

మూడు నెలల ఇరవై రోజులు గడిచాయి. ఒక మిట్టమధ్యాహ్నం ఆమె రేకు లాగుతుంటే కుండ మీద నీడ పడింది.

"వచ్చావా?" అంది తలెత్తకుండా. రేకు మధ్యలో తలెత్తితే చిరుగుతుంది.

"వచ్చాను," అన్నాడు బంగారయ్య. కంబళ్ల మూట దించి ఆమె పక్కన కూలబడ్డాడు. "నీ గుడ్డ మీద గీత గీసుకున్నాను. ఆ గీత ఉత్తరపు చుక్కకి ఎంత వారగా ఉందో పడవనీ అంతే వారగా నడిపాను. పోను పోయాను, రాను వచ్చాను. దగ్గరదారి కాదులే. చుట్టు తిప్పింది. కానీ దారి తప్పలేదు."

"ఊఁ."

"ఇంకోటి. ఆ మంచునేల నువ్వు దించినంత లేదే. ఇంతే ఉంది." అరచెయ్యి చూపించాడు.

"తెలుసు మావా," అంది పేరంటాలు.

ఆఖరి రేకు తీసి పక్కన పెట్టింది. మంట మీద నీళ్లు చల్లింది. చాప కూడా వేసుకోకుండా ఉత్త నేల మీద వాలి, మెడ నిటారుగా పెట్టుకుని, రెండేళ్ల మూడు నెలల నిద్రంతా ఒక్కసారే నిద్రపోయింది. ఆమె కింద భూమి మాత్రం తిరుగుతూనే ఉంది.

అప్పటినుంచే భూమిని ఎవరు చదునుగా పరిచినా ఏదో ఒక్కటే సరిగ్గా వస్తుంది, మిగతావి తప్పుతాయి. దిక్కు చూపే పటంలో మంచునేల నెత్తిన దుప్పటిలా పరుచుకుని ఉంటుంది, మన వేడినేల దాని కింద ఒదిగి ఉంటుంది. కొలత చెప్పే పటంలో నేలల మొహాలు సాగిపోయి ఉంటాయి. అన్నీ సరిగ్గా కావాలంటే ఈనాటికీ గుండ్రటిదాన్నే తెచ్చుకోవాలి. ఈసారి బడిలో గోడకి వేలాడే పటం ముందు నిలబడి, మనం ఇంత చిన్నగా ఉన్నామేంటని మీకు ఉక్రోషం వస్తే, పేరంటాలు బొబ్బల చేతుల్ని తలుచుకోండి. అక్కడ మనం సర్దుకున్నది ఒక మనిషి ఇల్లు చేరడం కోసం.