పొరుగూరి వస్తాదుకు మాలీషు

సింహాద్రికి గురువు నేర్పని పట్టు ఒక్కటే మిగిలింది. భుజం విరిచే పట్టు.

"అది కుస్తీ కాదురా, కసాయిపని" అనేవాడు గురువు బంగారునాయుడు. ఆయన తాలింఖానాలో ఆ మాట ఎత్తడానికే అందరూ జంకేవారు.

ఆ మధ్యాహ్నం సింహాద్రి గురువు ఎదుట నిలబడి ఆ మాటే ఎత్తాడు. మర్నాడు పందెంలో తను తలపడబోయేది పొరుగూరి వస్తాదు ఎర్రినాయుడితో. నిరుడు సింహాద్రి అన్న పైడిరాజు భుజం విరిచింది అతడే. అప్పట్నించి పైడిరాజుకు చిన్న కూతురే అన్నం కలిపి పెడుతోంది.

"గెలిస్తే చాలదా?" అన్నాడు గురువు.

"చాలదు గురువుగారూ. ఆ పిల్ల ముద్ద అందించినప్పుడల్లా మా అన్న కళ్లు దించుకుంటున్నాడు. చూడలేకపోతున్నాను."

గురువు నూనెగిన్నె తీసి అతని చేతికిచ్చాడు.

"సాయంత్రం నేర్పుతాను. ముందు వెళ్లి ఆ ఎర్రినాయుడికి మాలీషు చేసి రా."

సింహాద్రి బిత్తరపోయాడు. ఆ తాలింఖానాలో అదొక ఆచారం. పందేనికి వచ్చిన పరాయి వస్తాదుకు ఊరివాళ్లే ఒళ్లు పట్టాలి. బరిలో దిగేదాకా అతని ఒంటికి వాళ్లదే పూచీ.

"ఇంకెవరూ లేరా?"

"బోలెడుమంది ఉన్నారు. నువ్వే వెళ్లు."

ఎర్రినాయుడు విడిది ఇంటి వసారాలో చాపమీద బోర్లా పడుకుని ఉన్నాడు. నూనెగిన్నె చప్పుడుకి తల తిప్పి చూశాడు.

"పైడిరాజు తమ్ముడివి కదూ? ఆ ముక్కు చూస్తేనే తెలుస్తోంది."

"అవును."

లేచి కూర్చుంటాడనుకున్నాడు సింహాద్రి. లేవలేదు. చెంప మళ్లీ చాపకి ఆనించి, "కుడి భుజం కాస్త చూసి పట్టు నాయనా. పాత దెబ్బ" అన్నాడు.

సింహాద్రి వేళ్లు తిన్నగా అక్కడికే వెళ్లాయి. చర్మం కింద ఎముక వంకరగా అతికి గోలీకాయంత బొడిపె కట్టింది. అక్కడ మోకాలు ఆనించి చెయ్యి వెనక్కి లాగితే చాలు. గురువు నేర్పనక్కర్లేదు కూడా. 

వేలితో ఆ బొడిపెను నొక్కాడు. ఇంకాస్త నొక్కాడు. ఎర్రినాయుడు పళ్లు బిగించాడే గాని భుజం వెనక్కి లాక్కోలేదు.

సింహాద్రి లేచి వెళ్లి నూనె వెచ్చచేసి తెచ్చాడు. బొటనవేలితో ఎముక చుట్టూ మెల్లగా రుద్దాడు. రాయిలా ఉన్న కండ కొంచెం కొంచెంగా వదులైంది.

అంతలో గురక వినబడింది. అంతటి వస్తాదూ నోరు తెరుచుకుని, చాపమీద చొంగ కారుస్తూ, పసివాడిలా నిద్రపోయాడు.

చెయ్యి తీస్తే ఎక్కడ లేస్తాడోనని సింహాద్రి అలాగే కూర్చుండిపోయాడు.

పొద్దు వాలాక తాలింఖానాకి వచ్చేసరికి గురువు గోదా మట్టిలో అతనికోసమే కూర్చుని ఉన్నాడు.

"అయిందా?"

"అయిందండి. నిద్రపోయాడు."

గురువు వీపు తిప్పి, కుడిచెయ్యి వెనక్కి చాపాడు.

"రా. మాటిచ్చాను కదా. ఇక్కడ మోకాలు పెట్టు. ఇదిగో, ఇక్కడ పట్టుకో."

సింహాద్రి మోకాలు పెట్టాడు. ఆ ముసలి భుజాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. 

కాసేపు గడిచింది.

"ఒరే" అన్నాడు గురువు, తల తిప్పకుండానే. "విరవమన్నాను. రుద్దమనలేదు."